బ్రూస్ అజ్ఞాతవాసం, 1306–07: పక్కవాడే ద్రోహి అని అనుమానం వస్తే

మీరు అడిగింది ఇది: చట్టం వెలివేసిన ఓ చిన్న జట్టు తమ రాజును అడవుల్లో దాచి కాపాడుకుంటోంది. తమలోనే ఎవడో అమ్ముడుపోయాడని అనుమానం వచ్చింది. అప్పుడు మధ్యయుగపు మనుషులు నిజంగా ఏం చేసేవారు? మీ నవలలో రాజు నెగడు చుట్టూ అందర్నీ నిలబెట్టి ఒక్కొక్కరినీ నిలదీసే ఘట్టం నమ్మేలా ఉంటుందా?

ఆ ఘట్టం తీసేయమనే నా సలహా. ఇలాంటి పరిస్థితికి మనకు బాగా తెలిసిన నిజమైన ఉదాహరణ స్కాట్లండ్ రాజు రాబర్ట్ బ్రూస్. 1306 జూన్ నుంచి 1307 మే దాకా, దాదాపు పదకొండు నెలలు ఆయన సొంత రాజ్యంలోనే వేటాడబడ్డాడు. ఆ కాలమంతటిలో ఆయన మనుషులు తమలో తాము విచారణ పెట్టుకున్నట్టు కథనాల్లో కనబడదు. ద్రోహిని కనిపెట్టడం మీద వాళ్ల ప్రాణాలు నిలబడలేదు. ఎవడు ద్రోహి అయినా సరే రాజు దాకా చెయ్యి రానట్టు నడక, నిద్ర, తిండి, ఏరు దాటడం అమర్చుకోవడం మీద నిలబడ్డాయి. ఆ అమరిక తప్పిన ప్రతిచోటా ఎవరో ఒకరు చచ్చిపోయారు.

ముందు పరిస్థితి. 1306 ఫిబ్రవరి 10న డంఫ్రీస్ పట్టణంలో ఫ్రాన్సిస్కన్ సన్యాసుల చర్చిలో బ్రూస్ తన ప్రత్యర్థి జాన్ కమిన్‌ను పొడిచాడు. మార్చి 25న స్కోన్‌లో పట్టాభిషేకం. తరతరాల పట్టాభిషేక శిలను ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ పదేళ్ల కిందటే, 1296లో, ఎత్తుకుపోయాడు కాబట్టి అది లేకుండానే జరిగింది. చర్చిలో హత్య చేసినందుకు పోప్ వెలి వేశాడు. జూన్ 19న పెర్త్ దగ్గర మెత్వెన్‌లో ఎయ్‌మర్ డి వాలెన్స్ నాయకత్వంలోని ఇంగ్లిష్ సేన సాయంత్రం పూట విడిదిపై పడి బ్రూస్ సైన్యాన్ని చెల్లాచెదురు చేసింది. దొరికినవాళ్లలో చాలామందిని యుద్ధఖైదీలుగా చూడలేదు, ఉరితీశారు. రాజుతో ఉండడమే మరణశిక్షకు సరిపోయే నేరం అయింది.

మీ నవలకు పనికొచ్చే మాట ఇంకొకటి: 'న్యాయమైన రాజు' ఎవరన్నది స్కాట్లండ్‌లోనే తేలని విషయం. కమిన్ బంధువులకు, వాళ్ల వియ్యంకులైన లోర్న్ ప్రాంతపు మెక్‌డూగల్‌లకు, గ్యాలవే వాళ్లకు బ్రూస్ హంతకుడు. వాళ్ల దృష్టిలో బ్రూస్‌ను పట్టివ్వడం ద్రోహం కాదు, పగ తీర్చుకోవడం. పైగా బ్రూస్ తానే 1302లో ఎడ్వర్డ్‌కు లొంగిపోయి, కొన్నేళ్లు అతని కొలువులో ఉన్నవాడు. పక్షం మారడం ఎంత తేలికో ఆయన కంటే ఎవరికీ ఎక్కువ తెలియదు. రాజుకు మేనల్లుడి వరసైన థామస్ రాండాల్ఫ్ మెత్వెన్‌లో పట్టుబడి, ప్రాణం కోసం ఎడ్వర్డ్ పక్షాన చేరి, సొంత మేనమామను వేటాడే దండులో తిరిగాడు. అదే రాండాల్ఫ్ 1308లో దొరికాడు. బ్రూస్ చంపలేదు. తర్వాత ఆయన రాజ్యానికే మూలస్తంభమయ్యాడు. కాబట్టి మీ కథలో ద్రోహి నల్లటి ముసుగు వేసుకున్న దుర్మార్గుడు కానక్కర్లేదు. నిన్నటిదాకా పక్కన అన్నం తిన్న మేనల్లుడు కావచ్చు, రేపు మళ్లీ పక్కకు రావచ్చు.

ఆధారాల గురించి ఒక హెచ్చరిక. కింద చెప్పే వివరాల్లో చాలావరకు జాన్ బార్బర్ అనే అబర్డీన్ మతాధికారి 1375 ప్రాంతంలో, అంటే దాదాపు డెబ్భై ఏళ్ల తర్వాత, రాజును కీర్తిస్తూ రాసిన కావ్యంలోవి. తేదీలు, పట్టుబడినవాళ్ల శిక్షలు, కోటల ముట్టడులు ఇంగ్లిష్ ప్రభుత్వ పత్రాలతో సరిపోల్చుకోవచ్చు. కానీ బార్బర్‌లో రాజు మీద ముగ్గురేసి మనుషులు దాడి చేయడం మళ్లీమళ్లీ వస్తుంది: కొండదారిలో ముగ్గురు, తండ్రీ ఇద్దరు కొడుకులు, పొట్టేలు మోసుకొచ్చిన ముగ్గురు, విల్లులతో ముగ్గురు. ఒకే సంఘటన నోటినోటా నాలుగు కథలైందని నా అనుమానం. సంఖ్యలు అలా ఉంచి, కాపలా ఎలా పెట్టేవారు, ఎక్కడ తప్పేవారు అన్నది మాత్రం ఆ కాలపు మనుషులకు బాగా తెలిసిన విషయం. అక్కడ బార్బర్‌ను నమ్మొచ్చు. సాలెపురుగు కథ మాత్రం వాడకండి. మనం చిన్నప్పుడు విన్న ఆ కథ బార్బర్‌లో లేదు, ఎన్నో తరాల తర్వాత వచ్చి చేరింది.

ఇక అసలు విషయానికి వస్తే, ద్రోహం ఎక్కడ గెలిచిందో చూడండి. గోడల మధ్య గెలిచింది. 1306 వేసవిలో టిండ్రమ్ దగ్గర డాల్‌రీలో మెక్‌డూగల్ వంశపు లోర్న్ జాన్ మనుషులు పొడవాటి గొడ్డళ్లతో గుర్రాలను నరికాక, ఆడవాళ్లతో కలిసి కొండల్లో తిరగడం సాధ్యం కాదని తేలింది. రాణి ఎలిజబెత్‌ను, కూతురు మార్జరీని, అక్కచెల్లెళ్లను, పట్టాభిషేకంలో పాల్గొన్న బుకన్ కౌంటెస్ ఇసబెల్లాను తమ్ముడు నీల్ వెంట కిల్‌డ్రమీ కోటకు పంపారు. గుర్రాలూ దాదాపు అన్నీ వాళ్లకే ఇచ్చేశారు. కోట బలమైనదే. కానీ బార్బర్ చెప్పే ప్రకారం ఆస్‌బర్న్ అనే కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చిన నాగలి కర్రును ధాన్యం నిల్వచేసిన చావడిలోకి విసిరాడు. ధాన్యం తగలబడింది, మంట కోటకు అంటుకుంది, సెప్టెంబర్‌లో కోట పడిపోయింది. నీల్‌ను బెర్విక్‌లో చంపారు. ఆ కమ్మరికి కూలిగా కరిగిన బంగారం గొంతులో పోశారన్నది తర్వాతి కట్టుకథ.

ఇక్కడ గమనించాల్సింది కమ్మరి దుర్మార్గం కాదు. కోటలో కమ్మరి లేకుండా గడవదు. గుర్రపు నాడాలు, బాణపు ములుకులు, తలుపు కీళ్లు అన్నీ అతని చేతి పనే. నిప్పు, ఇనుము రాత్రింబగళ్లు అతని దగ్గర ఉండడం ఎవరికీ వింత కాదు. తిండి నిల్వ ఒకే చావడిలో, నిప్పుతో పనిచేసేవాడికి అందేంత దూరంలో ఉంది. ఒక్కడు చాలు.

ఆడవాళ్లు కోట పడక ముందే బయటపడి ఉత్తరాన టేన్‌లోని సెయింట్ డూథక్ గుడిలో శరణు తీసుకున్నారు. చర్చి హద్దులోకి ఆయుధంతో ఎవరూ రాకూడదన్నది నియమం. రాస్ ఎర్ల్ విలియం ఆ నియమాన్ని పక్కన పెట్టి వాళ్లను పట్టి ఎడ్వర్డ్‌కు అప్పగించాడు. ఇసబెల్లాను బెర్విక్‌లో, రాజు చెల్లెలు మేరీని రాక్స్‌బరోలో బోనుల్లో పెట్టారు. రాజు బావ క్రిస్టఫర్ సీటన్ లాఖ్ డూన్ కోటలో పట్టుబడ్డాడు. అతని సొంత అనుచరుడు మక్‌నాబ్ పట్టిచ్చాడని బార్బర్ అంటాడు. కోట, గుడి, మళ్లీ కోట: మూడుచోట్లా శత్రువుకు ఎక్కడికి రావాలో ముందే తెలుసు. ద్రోహి చేయాల్సిన పని చాలా చిన్నది.

రాజు మాత్రం గోడల్లో ఉండలేదు. శీతాకాలం ముందు కింటైర్ చివర డునావర్టీ కోటకు చేరినప్పుడు ఐలా ద్వీపపు ఆంగస్ ఎంతో ఆదరంగా చూశాడు, కోటే అప్పగించాడు. అయినా బ్రూస్ ద్రోహం జరుగుతుందని లోలోపల భయపడుతూనే ఉన్నాడని బార్బర్ దాచకుండా రాస్తాడు. ఆంగస్‌ను ఒక్క మాట అనలేదు, అనుమానం చూపలేదు. మూడు రోజులుండి పడవలెక్కి వెళ్లిపోయాడు. సెప్టెంబర్‌లో ఇంగ్లిష్ సేన ఆ కోటను ముట్టడించి చూస్తే లోపల రాజు లేడు. ఆంగస్ చివరిదాకా నమ్మకస్తుడే అయ్యాడు. అంటే ఇక్కడ అనుమానం తప్పు, వెళ్లిపోవడం ఒప్పు. ఈ తేడా పట్టుకుంటే మీ నవల సగం కుదురుతుంది. అనుమానం నిజమో కాదో తేల్చుకోవాల్సిన అవసరమే రాకుండా కదిలిపోవడం వాళ్ల పద్ధతి.

మరి అనుమానం వచ్చినవాణ్ని చంపేస్తే పోయేది కదా అనిపించవచ్చు. ఆ జట్లలో ప్రతి ఒక్కడూ ఒక వంశం తాలూకు. వాడి అన్న, మేనమామ, కౌలుదార్లు వాడి వెనకే వచ్చారు. రుజువు లేకుండా ఒకణ్ని నరికితే పదిమంది ఆ రాత్రే వెళ్లిపోతారు, వాళ్లలో ఒకడైనా నేరుగా శత్రువు దగ్గరికి పోతాడు. లేని ద్రోహిని అలా మనమే తయారుచేసుకుంటాం.

నది, సరస్సు దాటడం గురించి కొంచెం వివరంగా చెబుతాను, నవలాకారులు ఎక్కువగా తప్పు రాసేది ఇక్కడే. ఆడవాళ్లను పంపాక రాజు దగ్గర సుమారు 200 మంది మిగిలారు, అందరూ కాలినడకే. అనుచరుడు నీల్ క్యాంబెల్‌ను పడవలు, తిండి సమకూర్చమని ముందుగా సముద్రతీరానికి పంపారు, కలుసుకునే రోజు ఖాయం చేసుకున్నారు. దారికి అడ్డంగా లోమండ్ సరస్సు ఉంది. రాజు అనుచరుడు జేమ్స్ డగ్లస్ వెతగ్గా నీళ్లలో మునిగిన ఒక చిన్న పడవ దొరికింది. ముగ్గురే పడతారు. ఒకడు తెడ్డు వేయాలి, అంటే ఒక్కో విడతకు ఇద్దరే దాటుతారు. అందరూ చేరేసరికి ఒక రాత్రి, ఒక పగలు పట్టింది. లెక్క వేసుకోండి: 200 మందికి 100 విడతలు, 24 గంటల్లో అంటే పోను రాను కలిపి విడతకు పావుగంట కూడా లేదు. అందుకే ఈత వచ్చినవాళ్లు మూటలు వీపుకు కట్టుకుని ఈదారు.

ద్రోహం దృష్టితో చూస్తే ఈ 24 గంటలూ గండమే. జట్టు రెండు ఒడ్ల మీద చీలిపోయి ఉంటుంది. ఎవరు ముందు దాటాలి? రాజే ముందు దాటాడు, వెంట డగ్లస్, మూడోవాడు తెడ్డు. ఇది గౌరవం కోసం కాదు. వెనక ఒడ్డున శత్రువు వచ్చిపడినా, వెనకున్నవాళ్లలో ఎవడు అమ్ముడుపోయినా, రాజుకూ వాళ్లకూ మధ్య నీళ్లుంటాయి, పడవ రాజు ఒడ్డునే నిలిపేయొచ్చు. ముందు ఒడ్డు ఖాళీ అని రూఢి చేసుకున్నాకే ఇలా చేయాలి, లేకపోతే రాజు ఒంటరిగా చిక్కుతాడు. దాటినవాళ్లు ఎదురుచూస్తుండగా రాజు వాళ్లకు ఒక పాత వీరగాథ చదివి వినిపించాడట. చలిలో తడిబట్టలతో కూర్చున్న మనుషుల మధ్య గుసగుసలు పుట్టకుండా ఉండాలంటే ఒకే గొంతు అందరికీ వినిపించడం మంచి ఉపాయం.

తిండి సంగతి క్లుప్తంగా: వేట మాంసం, ఉచ్చులతో పట్టిన సాల్మన్, ట్రౌట్, మలుగుచేపలు, చిన్న చేపలు. వీటిలో డగ్లస్ చేయి తిరిగినవాడు. కాళ్లకు పచ్చి తోలుతో తామే కుట్టుకున్న చెప్పులు. ఉప్పు, రొట్టె లేవు. అందుకే ఊళ్లవైపు వెళ్లక తప్పేది కాదు, వెళ్లినప్పుడల్లా ఎవరికో కనబడక తప్పేది కాదు.

1307 తొలినాళ్లలో తిరిగొచ్చిన రాత్రి గురించి తప్పక రాయండి. రాజు అర్రన్ ద్వీపంలో సుమారు 300 మందితో ఉన్నాడు. ఎదురుగా ప్రధాన భూభాగం మీద తన సొంత క్యారిక్ సీమ, టర్న్‌బెరీ కోట. కోటలో, చుట్టూ ఊళ్లో ఇంగ్లిష్ ప్రభువు హెన్రీ పెర్సీ మనుషులు. కత్‌బర్ట్ అనే క్యారిక్ మనిషిని వేగుగా పంపారు. ఒప్పందం ఇది: జనం మనవైపు ఉంటే అనుకున్న రోజున టర్న్‌బెరీ కొసన మంట వెయ్యి, మేం వస్తాం. కత్‌బర్ట్ వెళ్లి చూస్తే ఎక్కడ చూసినా ఇంగ్లిష్ వాళ్లే, మనవాళ్లు నోరెత్తే స్థితిలో లేరు. మంట వేయలేదు. కానీ ఆ రోజు అక్కడ మంట కనబడింది. రాజు పడవలెక్కించాడు. చీకట్లో ఆ మంటనే గురిగా పెట్టుకుని తెడ్లు వేశారు. మంట చూసిన కత్‌బర్ట్‌కు విషయం అర్థమైంది, ఆర్పడానికి ధైర్యం చాలలేదు. ఒడ్డున ఎదురుచూశాడు. దిగగానే రాజు అతన్ని ద్రోహీ అని పిలిచి, మంట ఎందుకు వేశావని అడిగాడు. తాను వేయలేదని, చూశాక వాళ్లు బయల్దేరారని గ్రహించి హెచ్చరించడానికే వచ్చానని అతను చెప్పాడు.

అక్కడ అతన్ని చంపలేదు. నమ్మడానికి ఒక గట్టి కారణం ఉంది: ద్రోహి అయితే ఒడ్డున ఒంటరిగా నిలబడడు, పెర్సీ మనుషుల వెనక ఉంటాడు. రాజు తమ్ముడు ఎడ్వర్డ్ బ్రూస్ వెనక్కి వెళ్లేది లేదన్నాడు. కోటను వదిలేసి, ఊళ్లో ఇళ్లల్లో నిద్రపోతున్న వాళ్ల మీద పడ్డారు. మంట బహుశా ఎవరో పొదలు తగలబెట్టిన మంటే.

ఇందులో దోషం కత్‌బర్ట్‌ది కాదు, సంకేతానిది. 'రండి' అనడానికి ఒక గుర్తు ఉంది, 'రావద్దు' అనడానికి ఏమీ లేదు. పైగా ఆ గుర్తు ఎవడైనా, తెలిసో తెలియకో, వేయగలిగిన మంట. ఇలాంటి సంకేతానికి రెండు భాగాలుండాలి: ఒకే చోట రెండు మంటలో, మంట కొంతసేపు ఆరి మళ్లీ వెలగడమో. మీ కథలో అనుమానం పుట్టాలంటే ఇంతకంటే మంచి చోటు దొరకదు, ఎందుకంటే ఇక్కడ ఎవరి తప్పూ లేకుండానే అందరూ ద్రోహం జరిగిందనుకుంటారు. దాదాపు అదే రోజుల్లో రాజు తమ్ముళ్లు థామస్, అలెగ్జాండర్ 18 ఓడలతో లాఖ్ రయన్‌లో దిగి, గ్యాలవే నాయకుడు డుంగల్ మెక్‌డౌవల్ చేతికి చిక్కి, కార్లైల్‌లో చనిపోయారు. ఆ కబురు అందాక ప్రతి మంటనూ అనుమానించడం సహజం.

క్యారిక్‌లో దిగాక దగ్గరివాళ్లే ప్రమాదమయ్యారు. ఇంగ్లిష్ పక్షాన ఉన్న స్కాటిష్ ప్రభువు ఇంగ్రమ్ డి అంఫ్రవిల్ రాజుకు బంధువైన ఒక క్యారిక్ మనిషిని 40 పౌన్ల ఆదాయం వచ్చే భూమి ఆశచూపి కొన్నాడని బార్బర్ చెబుతాడు. ఆ మనిషికి ఇద్దరు కొడుకులు. బంధువు కాబట్టి జట్టులోకి రాకపోకలకు అడ్డు లేదు. వాళ్లు కనిపెట్టింది ఒక్కటే: రాజు రోజూ వేకువనే లేచి కాలకృత్యాలకు దూరంగా పొదల్లోకి వెళతాడు, వెంట ఒక్క కుర్రాడే. ఒకే వేళ, ఒకే దారి, ఒంటరితనం. ఆ రోజు కుర్రాడి చేతిలో విల్లు, ఒక బాణం ఉన్నాయి. రాజు కత్తి ఎప్పట్లాగే ఒంటిమీద ఉంది. ముగ్గురు వస్తుంటే రాజు విల్లు తీసుకుని, కుర్రాణ్ని దూరంగా నిలబడమని, వాళ్లను అక్కడే ఆగమన్నాడు. తమకంటే దగ్గరివాళ్లు ఇంకెవరుంటారని ఆ తండ్రి అంటూ ముందుకే వచ్చాడు. అంతే, బాణం కంట్లో దిగింది. తర్వాత కొడుకుల్ని కత్తితో.

ఈ ఘట్టంలో విలువైనది పోరాటం కాదు, 'అక్కడే ఆగండి' అన్న మాట. నమ్మకస్తుడైతే ఆగుతాడు, కాస్త నొచ్చుకుంటాడు, అంతే. చంపడానికి వచ్చినవాడు ఆగలేడు, ఎందుకంటే దగ్గరికి రాకుండా పని జరగదు. నిందించకుండానే, రెండు క్షణాల్లో, మనిషిని తూచే పద్ధతి ఇది.

ఇదే పద్ధతి పొట్టేలు మనుషుల కథలో పూర్తిగా కనిపిస్తుంది. దానికి ముందు కుక్క సంగతి చెప్పాలి. కమ్నాక్ దగ్గర లోర్న్ జాన్ జాడతీసే వేటకుక్కను తెచ్చాడు. ఒకప్పుడు బ్రూసే పెంచిన కుక్క అది, ఆయన వాసన తెలిస్తే వదలదు. రాజు జట్టును మూడుగా చీల్చాడు. కుక్క మిగతా రెంటినీ పట్టించుకోకుండా ఆయన వెనకే వచ్చింది. మళ్లీ చెదిరిపొమ్మని, పాలతమ్ముడు (ఒకే దాది పాలు తాగి పెరిగినవాడు) ఒక్కణ్నే ఉంచుకున్నాడు. అయినా కుక్క ఆయన వెనకే. జాన్ ఐదుగురు వేగంగా పరిగెత్తేవాళ్లను ముందుకు పంపితే ఇద్దరూ వాళ్లను తెగటార్చారు. చివరికి తప్పించుకున్నది ఏట్లో దిగి, ప్రవాహం వెంట నడిచి. బాణం వెళ్లేంత దూరం నీళ్లలోనే నడిస్తే కుక్కా, దాన్ని పట్టుకున్నవాడూ ఇద్దరూ జాడ పోగొట్టుకుంటారని ఆ కాలపు లెక్క. అంటే రెండు వందల మీటర్లు అటూ ఇటూ. ఏరు దాటి అవతల ఎక్కడం పనికిరాదు, కుక్కను అవతలి ఒడ్డుకు తీసుకొస్తే మళ్లీ పట్టేస్తుంది. నీళ్లలోనే పొడవునా నడవాలి. కుక్కను ఒక విలుకాడు చాటు నుంచి కొట్టి చంపాడని మరో కథనం కూడా బార్బరే ఇచ్చాడు.

జట్టు చీల్చడం వల్ల ఇంకో ప్రయోజనం ఉంది. శత్రువు అందరినీ వదిలేసి సూటిగా మీ వెనకే వస్తున్నాడంటే వాడికి దారి చూపుతున్నది ఎవరో, ఏదో తెలిసిపోతుంది. ఇక్కడ అది కుక్క. మీ కథలో అది మనిషి కావచ్చు. మూడు జట్లకు మూడు వేర్వేరు కలిసే చోట్లు చెప్పి, శత్రువు ఏ చోటికి వచ్చాడో చూడొచ్చు. విచారణ కంటే ఇది మేలు.

అలా అలసి, ఆకలితో అడవి దాటుతుంటే ముగ్గురు ఎదురయ్యారు. కత్తులు, గొడ్డళ్లు ఉన్నాయి. ఒకడి మెడ మీద కాళ్లు కట్టేసిన పెద్ద పొట్టేలు. రాబర్ట్ బ్రూస్‌ను వెతుక్కుంటూ, ఆయనతో చేరడానికి వెళుతున్నామన్నారు. నాతో రండి, చూపిస్తానన్నాడు రాజు. వాళ్ల ముఖకవళికలు మారడం గమనించాడు. ఎదురుగా ఉన్నది ఎవరో వాళ్లు పోల్చుకున్నారు, పోల్చుకున్నారని ఆయనా గ్రహించాడు. అప్పుడాయన పెట్టినవి మూడు షరతులు. బాగా పరిచయమయ్యేదాకా మీరు ముగ్గురూ ముందు నడవండి, మేం వెనక వస్తాం. పాడుబడిన ఇంటికి చేరాక రెండు మంటలు వేయాలి. మా మంట ఇంటికి ఈ చివర, మీది ఆ చివర. వాళ్లు అవమానంగా భావించినా ఒప్పుకున్నారు. పొట్టేలును కోసి కాల్చారు, పంచుకుని తిన్నారు.

ఇంతవరకూ ఒక్క పొరపాటూ లేదు. వీపు చూపించలేదు, మధ్యలో ఇల్లంత ఎడం ఉంది, మంట వెలుగులో ఎదుటివాళ్ల కదలిక కనబడుతుంది. పొరపాటు నిద్రలో జరిగింది. చాలాసేపటి నుంచి తిండి లేక, ఇప్పుడు కడుపు నిండా మాంసం తిన్నాక కన్ను మూతపడింది. పాలతమ్ముణ్ని మేలుకోమని రాజు పడుకున్నాడు. పాలతమ్ముడూ అంతే అలిసినవాడు, గురకపెట్టాడు. రాజుది కోడికునుకు. వాళ్లు లేచి రావడం చూసి, పక్కవాణ్ని కాలితో గట్టిగా తొక్కి లేపి, కత్తి దూశాడు. పాలతమ్ముడు మత్తులోంచి తేరుకునేలోపే చనిపోయాడు. రాజు ముగ్గుర్నీ చంపి ఒంటరిగా బయటపడ్డాడు. ఇద్దరే ఉన్నప్పుడు, ఇద్దరూ ఒకే దూరం నడిచినప్పుడు, తిన్న వెంటనే కాపలా మార్చుకోవడం కుదరదు. తినకముందే ఒకడు కాసేపు పడుకోవాలి, లేదా తినేసి అక్కణ్నుంచి కదిలి వేరేచోట పడుకోవాలి. ఇలాంటి తిండి ఇంటికి కట్టేస్తుంది, అదే పొట్టేలు పన్నాగం.

బయటి వేగుల దగ్గర మాత్రం మొహమాటం లేదు. గ్లెన్ ట్రూల్‌లో ఉన్నప్పుడు వాలెన్స్ ఒక స్త్రీని బిచ్చగత్తె వేషంలో పంపాడు. ఎంతమంది ఉన్నారు, కాపలా ఎలా ఉంది చూసి రమ్మని. తిండి అడుక్కుంటూ వచ్చిన ఆమె తీరు రాజుకు నచ్చలేదు. పట్టుకోమన్నాడు. వాలెన్స్ దగ్గరలోనే ఉన్నాడని ఆమె చెప్పేసింది, దాంతో జట్టు ఆయుధాలు పట్టి సిద్ధమైంది. బిచ్చం అడిగేవాళ్లు వచ్చే చోటు కాదది. ఊరికి అంత దూరంలో కొండలోయలోకి తిండి కోసం ఎవరొస్తారు? ఆ ఒక్క ప్రశ్న చాలు.

కొత్తవాళ్లను చేర్చుకోవడంలో డగ్లస్ పద్ధతి మీ నవలకు బాగా పనికొస్తుంది. డగ్లస్ తండ్రి భూములను రాజు ఎడ్వర్డ్ ఇంగ్లిష్ ప్రభువు రాబర్ట్ క్లిఫర్డ్‌కు ఇచ్చేశాడు. 1307లో డగ్లస్ దొంగచాటుగా సొంత సీమకు వెళ్లి, తండ్రి కొలువులో పనిచేసిన థామస్ డిక్సన్ ఇంట్లో ఒక గదిలో దాక్కున్నాడు. డిక్సన్ నమ్మకస్తుల్ని ఒక్కొక్కరినే ఆ గదికి తెచ్చాడు. ఒక్కొక్కరు ప్రమాణం చేసి వెళ్లారు. ఇలా చేస్తే ఒక్కడు అమ్ముడుపోయినా అతనికి తెలిసేది డిక్సన్ ఇల్లు ఒక్కటే, మిగతా పేర్లు కావు. డిక్సన్ ఇల్లు ఒక్కటీ పట్టుబడితే మాత్రం మొత్తం పోతుంది. ఆ బలహీనతకు విరుగుడు వేగం: మార్చి 19న, మట్టల ఆదివారం నాడు, సెయింట్ బ్రైడ్ చర్చిలో ప్రార్థనకు వచ్చిన కోట సైనికుల మీద పడి పని ముగించారు.

అదే డగ్లస్ ఎడ్వర్డ్‌కు లొంగిపోవడానికి కబురు పంపాడని, ఇంగ్లిష్ సేన వెనక్కి తగ్గేసరికి మనసు మార్చుకున్నాడని 1307 మే నెలలో కార్లైల్ నుంచి వెళ్లిన ఒక ఇంగ్లిష్ లేఖలో ఉంది. నిజమో, శత్రువు శిబిరంలో పుట్టిన పుకారో తేల్చలేం. బ్రూస్ చెవిన పడిందో లేదో కూడా తేలదు. పడినా పడకపోయినా ఆయన డగ్లస్‌ను దూరం పెట్టలేదు. మీ రాజుకు, కుడిభుజం లాంటివాడి మీద ఇలాంటి కాగితం ఒకటి చేతికి అందితే ఏం చేస్తాడు? నెగడు చుట్టూ విచారణ కంటే ఇది ఎన్నో రెట్లు బరువైన ఘట్టం.

కాబట్టి మీ విచారణ ఘట్టాన్ని ఇలా మార్చి చూడండి. రాజుకు ఇద్దరి మీద అనుమానం. ఏమీ అనడు. ఆ సాయంత్రం ఆ ఇద్దరినీ దారి చూపమని ముందు నడిపిస్తాడు. ఏరు దాటేటప్పుడు తాను ముందు దాటి, వాళ్లను చివరి విడతకు వదిలి, పడవ తనవైపు కట్టేస్తాడు. రాత్రికి రెండు మంటలు వేయిస్తాడు. పడుకునే చోటు చీకటిపడ్డాక మారుస్తాడు, మార్చిన సంగతి కాపలా ఇద్దరికే చెబుతాడు. ఆ కాపలావాళ్లలో ఒకణ్ని తిండికి ముందే పడుకోబెడతాడు. అర్ధరాత్రి పాత చోటికి ఎవరొస్తారో కాపలావాడు చెట్టు చాటు నుంచి చూస్తాడు.